ఎర్రగీత దాకా నువ్వు, ఆపైన నేను

తిరువొత్తియూరు,
జూన్ 9, సోమవారం.

బాలసరస్వతక్కకు, నీ తోడికోడలు హైమ దండం పెట్టి రాసేది.

నీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునే దిగుతున్నావు కదా? నీ కొడుకు దామోదరానికి షుగరు తగ్గిందా, కొట్టులో కూర్చుని టీ మీద టీ తాగుతూనే ఉన్నాడా? నీ కోడలు నివేదితకు నడుము నొప్పి అన్నావు. ఆ పిల్ల గ్యాసు సిలిండరు తనే జరుపుతుంది, వద్దని నా మాటగా చెప్పు. ఇక్కడ మా వెంకట్రామ్‌కు జలుబు, వాడి నుంచి కోడలు వాసంతికి జలుబు, మనవరాలు సంయుక్తకు ఆఫీసు పని ఎక్కువై తలనొప్పి. నాకు ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే భయంగా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. అక్కా, నాకు ఉద్యోగం వచ్చింది! డెబ్బై ఒకటో ఏట!

ఇంట్లో టీవీకి సినిమాలు ఇచ్చే కంపెనీలు మూడున్నాయి. మొన్న సంయుక్త వచ్చి నా పక్కన కూర్చుని, “అవ్వా, మూడింటికీ కడతా ఉండాము. సెప్టెంబరులో మూడూ ముగుస్తాయి. ఒకటే ఉంచేది. ఇంట్లో నిండా చూసేది నువ్వే కదా, ఏది ఉంచాలో నువ్వే చూసి చెప్పు” అంది. నేను తప్పు చెబితేనో అని అడిగాను. “తప్పు చెప్తే ఒక సంవత్సరం అదే చూస్తాము, అంతేగా” అంటుంది. ఒక సంవత్సరం! ఇంటిల్లిపాదికీ ఒక సంవత్సరం! ఆ రోజు అన్నం సయించలేదు. కానీ అక్కా, లోపల ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. అయిదో క్లాసు చదివిన నన్ను ఎవరూ ఇంతవరకు ఏదీ తేల్చి చెప్పమని అడగలేదు.

వాటి పేర్లకు నాకు నోరు తిరగదు. అందుకని బొమ్మను బట్టి పిలుస్తున్నాను. గాలిపటం, ఏనుగు, దీపం. పోయిన నెల సంయుక్త మీ ఇంటికి వచ్చి మీ టీవీలోనూ ఇవే పెట్టి వెళ్ళింది కదా, కాబట్టి ఇది మనిద్దరి ఉద్యోగం. నువ్వూ చూసి రాయి.

ఒక్క జాగ్రత్త. చూసినంతవరకు బొమ్మ కింద ఎర్రగీత పడుతుంది, గమనించావా? మధ్యలో ఆపితే గీత అక్కడే నిలుస్తుంది. అంటే కంపెనీ వాళ్ళకు తెలుస్తోంది కదా! విస్తట్లో వదిలేసి లేచినట్టు. నేను మొదలుపెట్టింది ఏదీ వదలడం లేదు. నిన్న ఒక పాము సినిమా. కళ్ళు గట్టిగా మూసుకునైనా సరే, గీత నిండేదాకా కూర్చున్నాను.

వెంటనే జాబు రాయి. రాయకపోతే ఏమైందో అనుకుంటాను.

నీ హైమ


చింతాద్రిపేట,
జూన్ 17.

హైమకు, అక్క ఆశీస్సులు.

అందరూ బాగున్నారు. మోకాళ్ళు ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉన్నాయి. నీ ఉద్యోగానికి సంతోషం. జీతం ఎంతో రాయలేదు.

కంపెనీ వాడికి కోట్లమంది ఉంటారే. తిరువొత్తియూరు హైమ పాము సినిమా ముగించిందా లేదా అని చూసుకుంటూ కూర్చుంటాడా? హాయిగా పడుకో.

నేను రోజూ మధ్యాహ్నం చూస్తున్నాను. మూడూ బాగున్నాయి. ఏది ఉంచినా ఒకటే.

మళ్ళీ మూడుసార్లు ఫోను చేశావు. ఈ ఇంట్లో టవరు సరిగా దొరకదని పోయిన ఏడాది నుంచి చెబుతున్నాను. కరకర తప్ప మాట రాదు. ఉత్తరమే రాయి. ఉత్తరమైతే మన సంగతులు పిల్లలు చదవలేరు కూడా. తమిళ బళ్ళో చదివిన వాళ్ళకు తెలుగు నోటితోనే కదా వచ్చు.

బాలసరస్వతి


తిరువొత్తియూరు,
జూలై 2.

అక్కా,

వెంకట్రామ్ జలుబు తగ్గింది, ఇప్పుడు దగ్గు. మీ దగ్గర ఎవరికీ దగ్గు లేదు కదా?

నీ గుట్టు తెలిసిపోయింది! నువ్వు చూసినవీ నేను చూసినవీ ఒకే చోట కనిపిస్తాయట. సంయుక్త చెప్పింది. ‘సగంలో ఆపినవి’ అని ఒక వరుస ఉంది. తెరిచి చూస్తే పదకొండు సినిమాలు! అన్నిటికీ పది నిమిషాల దగ్గరే గీత ఆగి ఉంది. నేను ఒక్కటి కూడా వదల్లేదు, అంటే అవన్నీ నువ్వే. పదకొండు విస్తర్లు అక్కా!

నాకు కంగారు పుట్టి, రోజుకొకటి చొప్పున నీ గీత ఆగిన చోటి నుంచి నేను ముగిస్తున్నాను. ఇప్పటికి ఏడు అయ్యాయి. కానీ మొదలు తెలియక నా బుర్ర తిరుగుతోంది. మొదటికి తిప్పడం నాకు రాదు. ఏదైనా తప్పు నొక్కితే అందరి సినిమాలూ పోతాయేమోనని భయం. అందుకని నువ్వు చూసిన పది నిమిషాలు నువ్వు రాసి పంపు, మిగతాది నేను నీకు రాస్తాను. ఎర్రగీత దాకా నువ్వు, ఆపైన నేను. ఎట్లా ఉంది నా ఆలోచన!

ముందుగా ఆకుపచ్చ గేటు ఇంటి సినిమా. నీలం చీర పిల్ల బస్సెక్కి ఒకటే ఏడుస్తోంది. ఎందుకు?

ఉద్యోగం సంగతి. గాలిపటంలో సీరియళ్ళు నిండుగా ఉన్నాయి, క్రికెట్టు కూడా. కానీ మంచి ఘట్టంలో సబ్బు ప్రకటన వచ్చి పడుతుంది. దీపంలో ఎవరో దొరలు రొట్టెలు కాలుస్తూనే ఉంటారు. ఒక్కరూ కడుపు నిండా తినరు. ఏనుగులో వేరే దేశాల సినిమాలే ఎక్కువ. ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టడం లేదు. ఏది మంచిదో ఇంకా తేలలేదు.

హైమ


చింతాద్రిపేట,
జూలై 11.

హైమా,

దగ్గుకు మిరియాల పాలు ఇవ్వు. మాకెవరికీ లేదు.

నేను సగంలో ఆపితే నీకెందుకు? ఒకటి నచ్చలేదు, ఇంకోటి చూశాను. సరే, అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఇంకో నాలుగు సినిమాలవి వేరే చీటీల మీద రాసి ఇందులోనే పెట్టాను.

ముందు వాన. ఆకుపచ్చ గేటు. గేటు కొక్కెం విరిగిపోతే తాడుతో కట్టారు. అంటే చేతిలో ఉన్నప్పుడు కట్టిన ఇల్లు, ఇప్పుడు లేదు. పెద్దాయన వసారాలో కూర్చున్నాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు, చూసి సరిచేసే మనిషి ఇంట్లో లేదు. నీలం చీర పిల్ల కాఫీ తెచ్చి ఆయన చేతికివ్వకుండా కిటికీ గట్టు మీద పెట్టింది. కోపం. ఇంతలో కొడుకు వచ్చాడు. చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చి కాగితాలు తీశాడు. ఇల్లు అమ్మేద్దాం అంటున్నాడు. పెద్దాయన లేచి గోడను అరచేత్తో ఒక్కసారి నిమిరాడు, ఆవును నిమిరినట్టు. ఆ పిల్ల అది చూసింది. ఆ ఇల్లు పోతుందనే బస్సులో ఏడుపు.

తర్వాత ఏమైంది? ఇల్లు అమ్మారా?

అక్క


తిరువొత్తియూరు,
జూలై 24.

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తర్వాత భోజనాల దగ్గర వాసంతికీ సంయుక్తకూ చదివి వినిపించాను. ఇద్దరూ కంచంలో చెయ్యి పెట్టి అట్లాగే ఉండిపోయారు! ఆ గుండీ మాట దగ్గర వాసంతి, “అత్తా, పెద్దత్త కథలు రాసుంటే మనం ఈడ టీవీ కొనే పనే లేదు” అంది. నాకు గర్వంతో ఒళ్ళు పులకరించింది.

కానీ అక్కా, నీ మొదలుకూ నేను చూసిన ముగింపుకూ పొంతన కుదరలేదు. సినిమాలో ఎక్కడా ఇల్లు అమ్మే మాటే లేదు. అది చెబితే సంయుక్త సినిమాను మొదటికి తిప్పింది. ముగ్గురం కూర్చుని ఆ పది నిమిషాలు చూశాం. గేటుకు తాడు ఉంది. గుండీ తప్పించి ఉంది. గోడ నిమిరాడు. అన్నీ నువ్వు చెప్పినట్టే ఉన్నాయి. కానీ ఆ కాగితాలు ఇంటివి కావు. ఆ పిల్లకు దూరదేశంలో వచ్చిన ఉద్యోగం ఆర్డరు. నాన్నను వదిలి పోనని పిల్ల, పొమ్మని అన్న. ఆ మాట పది నిమిషాల్లో మూడుసార్లు పైకే అన్నారు.

సంయుక్త పడీ పడీ నవ్వింది. “పెద్దవ్వ చెప్పిన సినిమానే బాగుండాది, ఇది వద్దు” అంది. నేనూ నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

నా సంగతి నీకు తెలుసు కదా. మొదట, అక్కకు మతిమరుపు వచ్చిందేమో అనుకున్నాను. మతిమరుపైతే గేటు కొక్కెం గుర్తుండదు. కళ్ళు మందగించాయేమో అనుకున్నాను. గుండీ చూసిన కళ్ళకు ఏం మందం? మిగతా నాలుగు సినిమాలకు నువ్వు రాసి పంపిన చీటీలు తీసి మళ్ళీ చదివాను. చీరలు, చెప్పులు, చేతులు, ముఖాలు అన్నీ ఉన్నాయి. ఒక్క మనిషి పేరు లేదు. ఎవరూ ఎవర్నీ పిలిచినట్టు లేదు.

ఇంకొకటి. పూర్తిగా చూసిన వాటి వరుసలో ఏనుగులో ఒకటుంది. జపాను వాళ్ళది, పులుసు అంగడి పెట్టుకున్న ముసలామె కథ. నేను చూడలేదు. మా ఇంట్లో ఎవరూ చూడలేదు. దాన్ని తెరిస్తే వాళ్ళు మాట్లాడే మాటలన్నీ కింద తెలుగు అక్షరాల్లో వస్తున్నాయి. అదొక్కటే నువ్వు చివరిదాకా చూశావు.

అక్కా, నీకు వినపడడం లేదా? ఫోనులో కరకర టవరుది కాదా?

కోప్పడతావేమో. కోప్పడినా సరే, రాయి.

హైమ


చింతాద్రిపేట,
ఆగస్టు 4.

హైమా,

నీ ఉత్తరం వచ్చిన రోజు చించేద్దామనుకున్నాను.

ఆరేళ్ళ పిల్లవు కావు కాబట్టి చెబుతున్నాను. రెండేళ్ళయింది. మొదట కుక్కరు విజిల్ పోయింది. తర్వాత ఆడవాళ్ళ గొంతులు. మగవాళ్ళు మాట్లాడితే ఏదో బరువైనది దొర్లుతున్నట్టు ఉంటుంది, మాట తెలియదు. ఎవరైనా నా వైపు చూసి నోరు కదిపితే నవ్వి తలాడిస్తాను. దానితోనే రెండేళ్ళు నడిపాను. ఎవరికీ తెలియదు.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. మన అత్తమ్మకు చెవులు పోయిన ఆ నాలుగేళ్ళు గుర్తున్నాయా? ఈ వంటింట్లోనే, ఆమెకు ఎదురుగా కూర్చుని, ఆమె ముఖంలోకి చూసి నవ్వుతూ, “ముసల్ది ఇంకో ఇడ్లీకి చెయ్యి చాపుతుంది చూడు” అని నేను అనేదాన్ని. నువ్వు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేదానివి. ఆమె కూడా నవ్వేది, మనం ఏదో మంచి మాట అన్నామనుకుని. నన్ను ఎవరైనా ఏమైనా అననీ, తిట్టనీ. నా ముందే అని, నన్ను కూడా నవ్వించడం నేను పడలేను.

ఆ జపాను సినిమా నివేదిత పెట్టింది. ఏదో నొక్కితే కింద తెలుగు అక్షరాలు పడ్డాయి. తమిళమైతే నాకు బస్సు బోర్డు చదివినట్టు కూడబలుక్కోవాలి, అంతలో బొమ్మ మారిపోతుంది. తెలుగు కాబట్టి చకచకా చదివాను. అక్షరాలు మాటకంటే ఒక క్షణం ముందు వస్తాయట హైమా! ముసలామె ఏదో వేళాకోళం ఆడింది. నివేదిత నవ్వేలోపలే నేను నవ్వాను. ఆ పిల్ల నా వైపు ఆశ్చర్యంగా చూసింది. రెండేళ్ళలో ఒక గదిలో అందరికంటే ముందు నేను నవ్వింది ఆ రోజే. అందుకే అది నాలుగుసార్లు చూశాను.

ఎవరికీ చెప్పకు. చెప్పావంటే ఇదే ఆఖరి ఉత్తరం.

అక్క


తిరువొత్తియూరు,
ఆగస్టు 16.

అక్కా,

చెప్పలేదు, చెప్పను. నిన్న నోటిదాకా వస్తే మజ్జిగ తాగి మింగేశాను.

ఆ ఇడ్లీ మాట నాకూ గుర్తుంది. నేను దాన్ని మరిచిపోయినట్టు నలభై ఏళ్ళు నటించాను. తప్పు ఇద్దరిదీ. నిన్ను నేను అట్లా ఎన్నటికీ చేయనని రాస్తే నమ్ముతావా? నువ్వు నమ్మినా నమ్మకపోయినా రాస్తున్నాను.

ఇప్పుడు విను, ఇప్పుడు నాకు ఉద్యోగం అంటే ఏమిటో అర్థమైంది! ఏది చవక, దేనిలో ఎన్ని సినిమాలు అని ఇంతకాలం తప్పు లెక్క చూశాను. అసలు చూడవలసింది ఒకటే, కింద తెలుగు అక్షరాలు ఉన్నాయా లేవా. పది రోజులుగా అదే పని. మాత్ర వేసుకోవడం కూడా మరిచిపోయాను. గాలిపటంలో నూట ఇరవై తెరిచాను, ఒక్కదానికీ లేవు. తెలుగు సినిమాకు కూడా లేవు! దీపంలో ఇంగ్లీషు ఒక్కటే. ఏనుగులో, అక్కా, ఏనుగులో నేను తెరిచిన వాటిలోనే ఎనభై మూడింటికి ఉన్నాయి! కొరియా వాళ్ళవి, మలయాళం వాళ్ళవి, మన తెలుగువి పద్దెనిమిది. అన్నీ కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఎనభై మూడో దాని దగ్గర నేను ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. వాసంతి పరుగెత్తుకొచ్చింది, పడిపోయాననుకుని.

కానీ చిక్కు వచ్చింది. ఏనుగే ఉంచాలని చెబితే అందరూ నవ్వారు. వెంకట్రామ్‌కు క్రికెట్టు కోసం గాలిపటం కావాలి. వాసంతికి సీరియళ్ళకు గాలిపటం. సంయుక్త అడిగింది, “అవ్వా, మనింట్లో తెలుగు చదివేది నువ్వొక్కతే, నీకు చెవులు బాగానే ఉండాయి. మరి ఆ అక్షరాలు ఎవరికి?” అని. “కారణం చెప్పు, ఒప్పుకుంటాము. చెప్పకుంటే గాలిపటమే” అంది. ఆగస్టు 31 ఆదివారం తేలుస్తారట.

కారణం నీది. నా దగ్గర ఉన్నా నాది కాదు. నువ్వు చెప్పమనకుండా నేను నోరు తెరవను. ఏనుగు పోతే పోనీ. కానీ అక్కా, ఎనభై మూడు!

హైమ


చింతాద్రిపేట,
ఆగస్టు 29.

హైమా,

నువ్వు చెప్పవలసిన పని లేదు. నేనే చెప్పేశాను.

నిన్న పొద్దున ఫలహారం దగ్గర దామోదరం నా వైపు తిరిగి ఏదో అడిగాడు. అలవాటుగా తల ఊగబోయింది. ఆపుకున్నాను. “దామూ, నాకు వినపడలేదు. రెండేండ్లుగా వినపడ్డంలేదు. ఊరికే తలాడిస్తా ఉండాను” అన్నాను.

వాడు క్యాలెండరు చీటీ చింపి వెనక రాశాడు, తమిళంలో. నేను నిదానంగా కూడబలుక్కున్నాను. “ఇంటి వెనక భాగం గోడౌనుకు ఇచ్చినందుకు నామీద కోపం అనుకున్నాను. ఏం అడిగినా నవ్వి ఊరుకుంటావు. రెండు సంవత్సరాలుగా నిన్ను ఎట్లా బతిమాలాలో తెలియలేదు.”

హైమా, వెనక భాగం ఇచ్చిన సంగతే నాకు సామాన్లు దిగేదాకా తెలియదు. వాడు నన్ను అడిగాడట, నేను తలాడించానట. ఆ తర్వాత ఎన్నో రోజులు నా గది గుమ్మం దగ్గర నిలబడి ఏదో చెప్పి వెళ్ళేవాడు. నేను నవ్వి పంపేదాన్ని. అవన్నీ క్షమించమని అడగడమట. యాభై ఏళ్ళవాడు, కంచం ముందు ఏడ్చాడు. నన్ను చూసి నవ్వుతారని నేను దాక్కుంటే, నా నవ్వే వాడిని రెండేళ్ళు ఏడిపించింది.

నివేదిత పెద్దగా, పెదవులు బాగా కదిలేట్టు అంది. అర్థమైంది. “మీకు వినపడదని తెలిసుంటే అత్తా, మీ ముందర నిండా అనుండేదాన్నే! రెండేండ్లు దండగ చేశారే!” ముగ్గురం నవ్వాం. నాకు తెలిసే నవ్వాను.

చెవుల డాక్టరు దగ్గరికి సెప్టెంబరు 10న తీసుకుపోతారు. మిషను పెడతారో ఏమో. పెట్టినా పాత చెవులు రావట, నివేదిత కనుక్కుంది. దామోదరం ఈ రాత్రే వెంకట్రామ్‌కు ఫోను చేసి చెబుతాడు. అక్కడ ఏమైందో రాయి. నువ్వు వచ్చి ఎన్నాళ్ళయింది? వస్తే అరవకు, అరిస్తే నాకు ఇంకా తెలియదు. ఎదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడు.

అక్క


తిరువొత్తియూరు,
సెప్టెంబరు 5.

అక్కా! అక్కా!

ఏనుగు ఉంది! ఏనుగే ఉంది!

ఆదివారం పదకొండింటికి అందరూ కూర్చున్నారు. నేను మూడు కాగితాలతో కూర్చున్నాను. వెంకట్రామ్, “దామూ అన్న చెప్పినాడమ్మా” అని ఫ్యాను వైపు చూశాడు. వాసంతి, “సీరియళ్ళు పక్కింటి పొన్నుతాయి ఇంట్లో చూస్తాను, ఆమెకూ తోడు లేదు” అంది. వెంకట్రామ్ క్రికెట్టు ఫోనులో చూసుకుంటాడట. కళ్ళు పోతాయేమోనని నాకు అప్పుడే దిగులు మొదలైంది. సంయుక్త నా కాగితాలు తీసుకుని ఎనభై మూడు పేర్లూ టీవీలో ఒక వరుసగా పెట్టింది. వరుసకు పేరు ఏం పెట్టాలని అడిగితే నీ పేరే చెప్పాను. ఇప్పుడు ఏనుగు తెరిస్తే ముందు నువ్వే కనిపిస్తావు!

దామోదరం మాట రెండుసార్లు చదివాను. సంతోషమో దుఃఖమో తెలియలేదు. రెండూ అనుకుంటాను. డాక్టరు దగ్గర పాత కాగితాలు అడుగుతారేమో, తీసి పెట్టుకో. చెవిలో నూనె పోశావని చెప్పకు, తిడతారు.

మేమందరం వస్తున్నాము. మెట్రోలో గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషను దాకా, అక్కడి నుంచి ఆటో. ఆ కదిలే మెట్లంటే నాకు ప్రాణం పోతుంది, సంయుక్త చెయ్యి పట్టుకుంటానంది. మొదట ఏది చూడాలో నువ్వే ఎంచు. నేను నీకు ఎదురుగా కూర్చుంటాను, టీవీకి అడ్డం రాకుండా. నలుగురం ఒక్కసారి మాట్లాడి నీకు ఏదైనా తెలియకుండా పోతే, నా చెయ్యి గట్టిగా గిల్లు. ఎవరు ఏం మాట్లాడుతున్నా ఆపించి, అది నీకు మొదటి నుంచి చెప్పిస్తాను. నీ గురించి అయితే మరీను.

సెప్టెంబరు 14, ఆదివారం, పొద్దున పదిన్నరకల్లా చింతాద్రిపేటలో ఉంటాము.

హైమ